ఓటు లేని 38 మంది, ఐదు ఆదివారాలు, 750 రూపాయలు

అమెరికా ఎన్నికల క్లాసుకి వెళ్దామని నేను అన్నప్పుడు మా ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మనకి ఓటు లేదు, వాడికీ లేదు, మనిషికి 750 ఎందుకు దండగ?" వాడంటే మా అబ్బాయి. ఒహాయోలో కొలంబస్‌లో ఉంటాడు, గ్రీన్ కార్డు కోసం ఎన్నో ఏట ఎదురుచూస్తున్నాడో లెక్కపెట్టడం మానేశాం. మా ఇంటిమొత్తానికి అమెరికాలో ఓటు వచ్చే అవకాశం ఉన్నది అక్కడ పుట్టిన మనవడికి ఒక్కడికే, వాడికి నాలుగేళ్లు. అయినా వీడియో కాల్ చేసిన ప్రతిసారీ మా వాడు ప్రైమరీ అంటాడు, డెలిగేట్లు అంటాడు, కోడలు ఇంకో అభ్యర్థి పేరు ఎత్తుతుంది, వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే మేం ఇక్కడ అన్నీ అర్థమైనట్టు తలలూపుతూ కూర్చుంటాం. వచ్చే ఏడాది మేం వెళ్లేసరికి తల ఊపడం కాకుండా ఒక్క మాటైనా అడ్డం వెయ్యాలని నా పంతం.

అదీ ఈ క్లాసులో చేరడానికి కారణం. తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు ఒక ట్యుటోరియల్ పై అంతస్తులో జరుగుతుంది. రిటైరైన పొలిటికల్ సైన్స్ లెక్చరర్ ఒకాయన చెప్తారు. ఆదివారం పొద్దున 10 నుంచి 12, ఐదు వారాలు, అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎలా ఎంచుకుంటాయన్నది ఒక్కటే సబ్జెక్టు. బోర్డు లేదు, ప్రకటన లేదు, నోటిమాట మీద నడుస్తోంది. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. మా బ్యాచ్‌లో 38 మంది, దాదాపు అందరం పిలకాయల్ని అక్కడికి పంపించి ఇక్కడ బీపీ మాత్రలు మింగుతున్నవాళ్లమే.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో ముందు చెప్పేస్తా, మంచి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మెట్లు. ఇరుకు మెట్లు, ఒకవైపే పట్టుకోడానికి కమ్మీ ఉంది, అదీ ఎక్కేటప్పుడు ఎడమచేతి వైపు, నాకు నొప్పున్నది కుడి మోకాలు. పది గంటల క్లాసు ఏ ఒక్క ఆదివారమూ 10:25 లోపు మొదలవలేదు, ఎందుకంటే ఎవరో ఒకరు పొద్దునే కొండకెళ్లొచ్చి దర్శనం ఎంతసేపట్లో అయిందో చెప్తారు, దాంతో ఇంకొకరు తమ దర్శనం సంగతి ఎత్తుతారు, సార్ కూడా వింటూ కూర్చుంటారు. కింద బాత్రూముకి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడున్నాడో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. ఇచ్చిన నోట్సు జిరాక్సులో ఫాంట్ చెడిపోయి ప్రతి "క్ష" దగ్గరా ఒక ఖాళీ డబ్బా పడింది, అధ్యక్ష ఎన్నికల నోట్సులో "క్ష" లేకపోతే ఇంక ఏం చదువుతాం చెప్పండి. వాట్సాప్ గ్రూపులో రోజుకి నలభై గుడ్ మార్నింగులు. ఇవి కాక వీసా సంగతి ఎవరైనా అడిగితే సార్ గట్టిగా, "దానికి వేరే ఆఫీసులున్నాయమ్మా" అని ఆపేస్తారు. ఇది తప్పని అనను గానీ, సగంమంది వచ్చింది ఆ ఆశతోనే. కాఫీ మాత్రం బ్రహ్మాండం. స్టీలు గ్లాసు, దిట్టమైన డికాక్షన్, 11 గంటలకి టంచనుగా.

ఇక చదువు. మొదటి ఆదివారం సార్ బోర్డు మీద ఒకే ఒక్క మాట రాశారు, "బీ-ఫారం". మన దగ్గర టికెట్ ఎవరికో తేలేది పార్టీ ఆఫీసులో, బీ-ఫారం చేతిలో పడేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు, ఊరేగింపుకి లారీలు మాట్లాడుకున్నాక పేరు మారిపోయిన కథలు మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. అక్కడ ఆ బీ-ఫారం పార్టీ ఓటర్ల చేతిలో ఉంటుంది, ప్రైమరీ అనే ఈ ఎన్నిక రాష్ట్రం తర్వాత రాష్ట్రం, నెలల తరబడి సాగుతుంది. ఓటర్లు నేరుగా అభ్యర్థిని కాదు, ఆ అభ్యర్థి తరఫున పార్టీ మహాసభకి వెళ్లే డెలిగేట్ల లెక్కని తేలుస్తారు. 2020లో డెమొక్రాట్లకి ఓట్లతో తేలే డెలిగేట్లు 3,979, అందులో 1,991 వస్తే గెలిచినట్టు. అన్ని రాష్ట్రాలూ ఒకేరోజు కాదు కాబట్టి ముందున్న చిన్న రాష్ట్రాల్లో ఏం జరిగిందన్నది వెనకున్న పెద్ద రాష్ట్రాల మీద పడుతుంది. ఇది మనకి చెప్పక్కర్లేదు, కొండమీద క్యూలో ముందు కంపార్ట్‌మెంట్ వదిలారని వినపడితే వెనక కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడటం మనం చూడనిదా.

రెండో ఆదివారం అసలు విషయంలోకి వచ్చారు, మధ్యేవాది. అంటే పార్టీలో మరీ ఎడమకీ పోకుండా, మరీ కుడికీ పోకుండా, అవతలి పార్టీవాళ్లతో కూడా మాట్లాడగలిగే మనిషి. వెనక వరసలో ఆర్టీసీలో చేసి రిటైరైన అన్న ఒకాయన ఉన్నాడు, సూటిగా అడిగేశాడు: "గోడమీద పిల్లికీ, నువ్వు చెప్పే మధ్యేవాదికీ తేడా ఏంది సార్?"

అందరం నవ్వాం. సార్ నవ్వలేదు. "గోడమీద పిల్లి ఎటు దూకేదీ దూకేదాకా చెప్పదు. వీడు ముందే చెప్తాడు. అందుకే రెండు పక్కలా తిట్లు తింటాడు" అన్నారు. దానికో ఉదాహరణ కూడా చెప్పారు, అది నాకు బాగా పట్టేసింది. కెంటకీ అనే రాష్ట్రం, మహా గట్టి రిపబ్లికన్ రాష్ట్రం, 2024లో ట్రంప్ అక్కడ సుమారు 30 శాతం తేడాతో గెలిచాడు. అక్కడి గవర్నరు ఆండీ బెషీర్ మాత్రం డెమొక్రాట్. 2023లో తిరిగి ఎన్నికకి నిలబడిన ఏడాదే, ట్రాన్స్‌జెండర్ పిల్లలకి సంబంధించిన చికిత్సల మీద నిషేధం పెట్టే బిల్లు ఆయన బల్ల మీదికి వచ్చింది. సంతకం పెడితే ఆ రాష్ట్రంలో ఓట్లకి దిగులుండదు, అయినా తిప్పి పంపేశాడు. శాసనసభ ఆయన్ని కాదని బిల్లుని మళ్లీ నెగ్గించుకుంది. ఎదుటి పార్టీ ప్రకటనల్లో అదే అస్త్రం. నవంబరులో బెషీర్ 5 శాతం తేడాతో గెలిచాడు. "పిల్లి అయితే ఆ బిల్లు మీద సంతకం పెట్టేది" అన్నారు సార్. ఆర్టీసీ అన్న సగం ఒప్పుకున్నట్టు గడ్డం గోక్కున్నాడు.

మూడో ఆదివారం గురించి కాస్త పొడుగ్గా రాస్తా, డబ్బులకి న్యాయం జరిగింది ఆ రోజే.

అయోవా అనే రాష్ట్రంలో డెమొక్రాట్లు 2020 దాకా ఏళ్ల తరబడి నడిపిన పద్ధతి ఒకటుండేది, కాకస్ అంటారు. ఊళ్లోవాళ్లు ఒక బడిలోనో చర్చిలోనో సాయంత్రం కలుస్తారు, బ్యాలెట్ పెట్టె ఉండదు, నా మనిషి ఫలానా అంటూ ఒక మూలకి వెళ్లి నిలబడతారు. తలకాయలు లెక్కపెడతారు. గదిలో ఉన్నవాళ్లలో 15 శాతం లేని మూల చెల్లదు. ఆ మూలవాళ్లు ఇంకో మూలకి వెళ్లాలి, లేదా ఇంటికి వెళ్లాలి. దీన్ని సార్ మా చేత చేయించారు. అభ్యర్థుల పేర్లు పెడితే మనవాళ్లకి మనసు పట్టదని, చివరి ఆదివారం క్లాసుకి ఏ టిఫిన్ తెప్పించాలన్నదే ఎన్నిక అన్నారు. కుర్చీలు గోడకి జరిపించి నాలుగు మూలలకీ, తలుపు దగ్గరకీ కాగితాలు అంటించారు: కారం దోసె, పూరీ, ఇడ్లీ, పొంగలి, ఉప్మా. మధ్యలో సున్నా గీసి "ఏదైనా పర్వాలేదు" అని రాశారు. అలాంటి సున్నా అక్కడా ఉండేదట, 1976లో అయోవాలో అందరికంటే ఎక్కువ వచ్చింది ఎవరికీ కట్టుబడనివాళ్లకే, జిమ్మీ కార్టర్ వాళ్ల తర్వాతే. మనుషుల్లో మొదటివాడు కాబట్టి పేరు మాత్రం ఆయనకి వచ్చింది.

నేను ఇడ్లీ మూలకి వెళ్లాను. నిజం చెప్పాలంటే నాకూ ఇష్టం కారం దోసే, కానీ పన్నెండింటిదాకా కూర్చోవాలి, గ్యాస్ మాత్ర ఇంట్లో మర్చిపోయాను, పైగా అందరికీ పడేది ఇడ్లీయే కదా అని లెక్కేసుకున్నా. చూస్తే మా ఆయన కారం దోసె కాగితం కింద నిలబడి నాకు చెయ్యూపుతున్నాడు. ముప్పై రెండేళ్ల కాపురం.

లెక్క తేలింది. కారం దోసె 13, పూరీ 8, ఇడ్లీ 5, పొంగలి 5, ఉప్మా 3, సున్నాలో నలుగురు. 38లో 15 శాతమంటే 5.7, అంటే ఆరుగురుండాలి. ఒక్క మనిషి తక్కువై ఇడ్లీ చెల్లదు, పొంగలీ చెల్లదు, ఉప్మా సంగతి చెప్పక్కర్లేదు. పది నిమిషాలు టైమిచ్చి సార్ కాఫీ తాగుతూ కూర్చున్నారు.

ఆ పది నిమిషాల్లో నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇడ్లీ, పొంగలి, ఉప్మా, ఈ మూడూ మెత్తటి టిఫిన్లు, మూడూ కలిస్తే 13, దోసెతో సమానం. ఇంత సులువైన లెక్క. అయినా ఎవరు ఎవరి దగ్గరికి రావాలన్న దగ్గర ఆగిపోయింది. పొంగలి మూలకి పెద్ద, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మేడం, "నాలుగు మిరియాలు, నెయ్యి, జీడిపప్పు వేసినదాన్ని వదిలి నేను ఆ తెల్లటి ముద్ద దగ్గరికి రావాలా? మీరే రండి" అంది. మేమూ ఐదుగురం, వాళ్లూ ఐదుగురు, ఎవరు తగ్గాలి? అన్నీ విని ఉప్మా నుంచి షుగరున్న పెద్దాయన ముందు కదిలాడు, "ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు, నాకేం అభ్యంతరం లేదమ్మా" అంటూ. ఆయన వెనక మిగతా ఇద్దరూ వచ్చారు. దాంతో మాకు ఎనిమిది, మూల నిలబడింది. నిలబడిందని తెలియగానే పొంగలి వాళ్లలో నలుగురు వచ్చేశారు. మేడం రాలేదు. ఒంటరిగా వెళ్లి పూరీ దగ్గర నిలబడింది, పూరీ అంటే ఆవిడకి పడదని ఆవిడే చెప్పింది, కానీ ఇడ్లీ దగ్గరికి రావడం కంటే అదే నయమనిపించింది కాబోలు. సున్నాలోంచి ఇద్దరు దోసెకి, ఒకరు మాకు, ఒకరు పూరీకి. మొత్తం తేలేసరికి దోసె 15, ఇడ్లీ 13, పూరీ 10. పది డెలిగేట్లనుకుంటే దోసెకి 4, మాకు 3, పూరీకి 3.

మేం ఓడిపోయాం. కానీ పొంగలి మేడం మనుషులు మొదటే మాతో వచ్చి ఉంటే సున్నాలో ఉన్న నలుగురూ ఎటు ఒరిగేవాళ్లు? గెలిచే మూలకే జనం జరుగుతారని ఆ రోజు కళ్లారా చూశాం.

దీని వెంటనే, కాఫీ గ్లాసులు తియ్యకముందే, సార్ 2020 కథ చెప్పడం మొదలుపెట్టారు, బుర్రలో పాతుకుపోయింది అందుకే. న్యూ హాంప్‌షైర్‌లో డెమొక్రాట్ల ప్రైమరీ. ఎడమవైపు బెర్నీ శాండర్స్‌కి దాదాపు 26 శాతం, ఆయనే మొదటి స్థానం. మధ్యేవాదులు ముగ్గురు: పీట్ బుటిజెజ్‌కి 24, ఎమీ క్లోబుచర్‌కి 20 దగ్గర, జో బైడెన్‌కి 8. ముగ్గురివీ కలిపితే సగం దాటుతుంది, విడివిడిగా ఉంటే ఓటమి. "ఇడ్లీ, పొంగలి, ఉప్మా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. బైడెన్ అంతకుముందు అయోవాలో నాలుగో స్థానం, ఇక్కడ ఐదో స్థానం, పని అయిపోయిందన్నారు. తర్వాత సౌత్ కరోలినా. అక్కడ డెమొక్రాట్ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు. బైడెన్ ఒబామా దగ్గర ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, పైగా ఆ రాష్ట్రంలో పెద్ద నాయకుడు జిమ్ క్లైబర్న్ మూడురోజుల ముందు ఆయనకి మద్దతు పలికాడు. ఫిబ్రవరి 29న దాదాపు 49 శాతం ఓట్లతో బైడెన్ గెలిచాడు. మార్చి 1న బుటిజెజ్ తప్పుకున్నాడు, 2న క్లోబుచర్ తప్పుకుంది, అదే రోజు సాయంత్రం ఇద్దరూ డల్లాస్ వెళ్లి బైడెన్‌కి జై కొట్టారు, 3న 14 రాష్ట్రాల్లో ఒకేసారి ఓటింగ్ జరిగితే పది ఆయనవే. నాలుగు రోజులు. మా పొంగలి మేడం పది నిమిషాల్లో చెయ్యలేని పని వాళ్లు రెండు రోజుల్లో చేశారన్నమాట. (మేడం ఈ రివ్యూ చదువుతుందని తెలుసు, చదవనీ.)

సార్‌తో నాకు పేచీ వచ్చింది ఇక్కడే. ఆయన సిద్ధాంతం, "చివరికి మధ్యలో ఉన్నవాడే గెలుస్తాడు". నాలుగో ఆదివారం మొత్తం దాని మీదే నడిపారు, 1976 కార్టర్, 1992 బిల్ క్లింటన్, 2020 బైడెన్. నేను లేచి ఓడినవాళ్ల లెక్క అడిగాను. పాపం, దాచలేదు, చెప్పారు. 2000లో ఉపాధ్యక్ష పదవికి డెమొక్రాట్ల అభ్యర్థిగా నిలబడిన జో లీబర్‌మన్, 2004లో తానే అధ్యక్ష ప్రైమరీకి దిగి ఒక్క రాష్ట్రం కూడా గెలవకుండా ఫిబ్రవరి మొదట్లోనే ఇంటికి పోయాడు. మైక్ బ్లూమ్‌బర్గ్ 2020లో 50 కోట్ల డాలర్లకి పైగా సొంత డబ్బు పోసి గెల్చుకున్నది అమెరికన్ సమోవా అనే చిన్న ద్వీప ప్రాంతం ఒక్కటే, ఆ మర్నాడే తప్పుకున్నాడు. రిపబ్లికన్లలో జాన్ కాసిక్, మా అబ్బాయి ఉండే ఒహాయోకి అప్పటి గవర్నరు, 2016లో తన రాష్ట్రం ఒక్కటే గెలిచాడు. 2024లో నిక్కీ హేలీ వర్మాంట్, వాషింగ్టన్ డీసీ గెలిచి, తాను గవర్నరుగా చేసిన సౌత్ కరోలినాలోనే ఓడింది. రిపబ్లికన్ల వైపు చాలా రాష్ట్రాల్లో ఎక్కువ ఓట్లొచ్చినవాడికే డెలిగేట్లన్నీ పోతాయి కాబట్టి రెండో స్థానానికి విలువ తక్కువ అని ఒక్క ముక్కలో చెప్పి సార్ ముందుకెళ్లిపోయారు. ఆ పార్టీ గురించి ఐదు వారాల్లో చెప్పింది గంట కూడా ఉండదు, ఇదీ నా ఫిర్యాదుల్లో వేసుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చిన కథ 1988ది. దక్షిణాది డెమొక్రాట్ నాయకులు కొందరు కూడబలుక్కుని, మా రాష్ట్రాలన్నీ ఒకేరోజు ఓటేస్తే మధ్యేవాదే ముందుకొస్తాడని పెద్ద మంగళవారం ఒకటి ఏర్పాటు చేశారు. తీరా ఆ రోజు దక్షిణాది మధ్యేవాది అల్ గోర్ కొన్ని రాష్ట్రాలు పట్టుకుపోయాడు, నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ కొన్ని పట్టుకుపోయాడు, ఉత్తరాదినుంచి వచ్చిన డుకాకిస్ టెక్సస్, ఫ్లోరిడా పట్టుకుపోయి చివరికి అభ్యర్థి కూడా అయ్యాడు. పందిరి వేసింది ఒకరు, పెళ్లి ఇంకొకరిది. ఇది విన్నప్పుడు మా ఆయన కూడా నిద్రలోంచి లేచాడు.

ఐదో ఆదివారం ముందు హోంవర్క్ ఇచ్చారు. "2028లో బెషీర్ డెమొక్రాట్ల ప్రైమరీకి దిగితే ఎంతవరకు వస్తాడు? ఒక పేజీ." నా పేజీకి పదికి ఆరు వేశారు. నేనొప్పుకోను. అందుకే అందులో రాసింది ఇక్కడ మళ్లీ రాస్తున్నా, మీరే చెప్పండి ఆరా ఎనిమిదా.

మనిషి మంచివాడు, అందులో అనుమానం లేదు. 2019లో మొదటిసారి 5,000 పైచిలుకు ఓట్ల తేడాతో గట్టెక్కాడు. కరోనా వచ్చినప్పుడు రోజూ సాయంత్రం టీవీలో కూర్చుని ఈరోజు ఇంతమంది పోయారు, ఇలా జాగ్రత్తగా ఉండండి అని ఇంట్లో పెద్దకొడుకులా చెప్పాడు. 2021 డిసెంబరులో సుడిగాలులు, 2022 జులైలో తూర్పు కొండప్రాంతాల్లో వరదలు, రెండింటికీ అక్కడే ఉన్నాడు. వాయుగుండం పట్టి స్వర్ణముఖి పొంగినప్పుడు ఏ అధికారి వచ్చాడు, ఏ అధికారి రాలేదు అని మనం ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటాం కదా, వాళ్లూ అంతే. వాళ్ల రాజ్యాంగం ప్రకారం వరసగా మూడోసారి గవర్నరుగా నిలబడకూడదు, 2027 డిసెంబరులో పదవి అయిపోతుంది, ప్రైమరీల టైముకి చేతిలో వేరే పని ఉండదు. అంతవరకు అన్నీ కలిసొచ్చాయి.

కానీ ఆయన్ని గెలిపించినవాళ్లెవరు? కెంటకీలో ట్రంప్‌కి ఓటేసి, అదే చేత్తో ఈయనకీ ఓటేసిన రిపబ్లికన్లు. వాళ్లు డెమొక్రాట్ల ప్రైమరీలో ఉండరు. కెంటకీలో ఏ పార్టీలో పేరు నమోదైతే ఆ పార్టీ ప్రైమరీకే రానిస్తారు, కాబట్టి సొంత రాష్ట్రంలోనే తనని మెచ్చినవాళ్లలో చాలామంది తలుపు బయట ఉండిపోతారు. ఇడ్లీ బాగుంటుందని చెప్పే ఊరంతా వీధిలో ఉంది, లోపల గదిలో ఉన్నవాళ్లు దోసె కోసం వచ్చినవాళ్లు. గదిలో ఉన్నవాళ్లని ఒప్పించడానికి ఆయన దగ్గరున్న మాట ఒకటే, "నేనైతే అవతలివాళ్ల ఓట్లు కూడా తెస్తా". ఈ మాట పనిచెయ్యాలంటే జనానికి ఓడిపోతామన్న భయం గట్టిగా ఉండాలి, 2020లో ఉంది, బైడెన్‌ని మోసింది సగం ఆ భయమే. ఇంకోటి, ఆ మాట ఆయన ఒక్కడే అనగలగాలి. పెన్సిల్వేనియా గవర్నరు జాష్ షపీరో కూడా దిగాడనుకోండి, ఆయనా అదే మాట అంటాడు, 2022లో దాదాపు 15 శాతం తేడాతో గెలిచిన మనిషి, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి, ఆ రాష్ట్రానికి 19, కెంటకీకి 8. అప్పుడు బెషీర్ ఇడ్లీనా, పొంగలా? నాకైతే పొంగలి మేడం కళ్లముందు కనపడింది.

ఇక సౌత్ కరోలినా లాంటి చోట. కార్టర్, క్లింటన్, ఇద్దరూ దక్షిణాది గవర్నర్లే, ఈయనా దాదాపు ఆ కోవకే చెందుతాడు. కానీ వాళ్లకి నల్లజాతి ఓటర్లతో ఏళ్లనాటి పరిచయం ఉంది, బైడెన్‌కి ఒబామా నీడ ఉంది. కెంటకీలో నల్లజాతివాళ్లు తక్కువ. చర్చి మాట, బైబిలు మాట ఈయన నోట సహజంగా వస్తుంది, అది తలుపు తట్టడానికి పనికొస్తుంది. తెరవడానికి టైము కావాలి, ఆ క్యాలెండరులో టైము ఉండదు. నేను రాసిన చివరి వాక్యం: ఈయన గెలుపు సగం ఈయన చేతిలో ఉంది, మిగతా సగం ఇంకో ఇద్దరు ఎప్పుడు తప్పుకుంటారన్న దాంట్లో ఉంది, ఇంకొకరు తప్పుకుంటేనే దక్కే పదవి మీద నేనైతే పందెం కాయను. 2024లో ఉపాధ్యక్ష పదవికి కమలా హారిస్ పరిశీలించిన పేర్లలో ఈయనదీ ఉంది, మళ్లీ అక్కడిదాకా రావచ్చు.

సార్ ఎర్రసిరాతో పక్కన రాసింది, "ఓటర్లు మారతారు, అంచనా తొందరపాటు". సరే, ఆ మాటలో కొంత నిజముంది, 2020 ఫిబ్రవరి మూడో వారంలో బైడెన్ మీద నేను ఇలాంటి పేజీయే రాసేదాన్ని. అందుకే ఎనిమిది అడుగుతున్నా, పది అడగట్లేదు.

వెళ్లాలా వద్దా అంటే, పిలకాయలు అక్కడుండి, ఫోన్లో వాళ్ల రాజకీయం అర్థంకాక కూర్చునే అమ్మానాన్నలైతే వెళ్లండి, 750కి మోసం లేదు. ఎన్నికల జోస్యం కోసం అయితే వద్దు, వీసా కోసం అసలే వద్దు. మోకాళ్లు బాగోకపోతే 9:45కే వెళ్లి మెట్లు నిదానంగా ఎక్కండి, ఎలాగూ 10:25 దాకా మొదలవదు. పైన వరండాలో నిలబడితే కొండ కనిపిస్తుంది. నీళ్ల సీసా, చెయ్యి విసురుకోడానికి ఏదైనా అట్ట తీసుకెళ్లండి, ఫ్యాన్ ఒక్కటే, అది సార్ నెత్తిమీదే తిరుగుతుంది. పోయిన వారం మా వాడితో కాల్‌లో 15 శాతం రూలు ఎత్తాను, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, కోడలు మాత్రం "అత్తయ్యా, మీరెక్కడ చదివారు?" అంది. నాకు డబ్బులు అక్కడే వసూలైపోయాయి.

చివరి ఆదివారం టిఫిన్ సంగతి చెప్పలేదు కదూ. గెలిచింది కారం దోసె. శనివారం సాయంత్రం సార్ హోటలతనికి ఫోన్ చేస్తే, "38 కారం దోసెలు పార్సిల్ కట్టి ఆ మెట్లెక్కి తెచ్చేసరికి మెత్తబడిపోతాయి సామీ, ఇడ్లీ అయితే వేడివేడిగా డబ్బాలో దించేస్తా" అన్నాడట. ఇడ్లీలే వచ్చాయి. మా ఆయన ఆరు తిన్నాడు. పొంగలి మేడం నాలుగు తిని, చట్నీ చాల్లేదని హోటలతనితో గొడవేసుకుంది, అందులో మాత్రం నేను ఆవిడ పక్షమే.